పార్క్‌రన్ రివ్యూ: క్రిస్సీ వెల్లింగ్‌టన్ పుణ్యమా అని పార్క్‌లో అడుగుపెట్టాను

ముందు తేల్చి చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోండి. బ్రిటన్‌లో ఉంటున్నవాళ్లు ఎవరైనా సరే, పరుగు అలవాటు ఉన్నా లేకపోయినా, ఒక్క శనివారం పొద్దున మీ దగ్గర్లో ఉన్న పార్క్‌రన్‌కి వెళ్లండి. ఐదు కిలోమీటర్లు. పరిగెత్తొచ్చు, నడవొచ్చు, కాసేపు అదీ కాసేపు ఇదీ చేయొచ్చు, ఏదీ వద్దనుకుంటే దారి పక్కన నిలబడి చప్పట్లు కొట్టి రావొచ్చు. ఒక్క పెన్నీ కట్టక్కర్లేదు. నేను ఏడాదిన్నర నుంచి వెళ్తున్నాను, మొన్న శనివారంతో 41 అయ్యాయి, అందులో 30 దాకా పూర్తిగా నడకే. పరుగు బాగా వచ్చినవాళ్లు రాసిన రివ్యూలు చాలా ఉన్నాయి, నాలాంటి వాళ్లు రాసినవి పెద్దగా కనిపించలేదు కాబట్టి రాస్తున్నాను.

నా కథ సర్జరీలో మొదలైంది, అంటే ఆపరేషన్ కాదు, డాక్టర్ క్లినిక్‌ని ఇక్కడ అలా అంటారు. నాకు 47 ఏళ్లు. మామూలుగా చేసే రక్త పరీక్షలో షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చి నిలబడిందని తేలింది, హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే అంకె, 44. ఇక్కడ 42 నుంచి 47 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. మా నాన్నకి షుగర్, నాన్నమ్మకి షుగర్, ఇద్దరు మేనత్తలకి షుగర్, కాబట్టి ఆశ్చర్యం లేదు, భయం మాత్రం బాగానే వేసింది. నర్స్ అన్నం సంగతి, బంగాళాదుంప సంగతి అన్నీ మాట్లాడాక గోడ మీద పోస్టర్ చూపించి, శనివారం పొద్దున్న ఇక్కడికి రండి, మా రిసెప్షన్‌లో వాళ్లు కూడా వస్తారు, నేనూ వస్తాను అంది. మందుల చీటీ బదులు పార్క్ పేరు చెప్పి పంపుతున్నారేమిటి అనుకుంటూ ఇంటికొచ్చాను.

తర్వాత తెలిసింది, అది ఆ నర్స్ సొంత ఆలోచన కాదట. 2018లో పార్క్‌రన్ వాళ్లూ, ఇక్కడి జనరల్ ప్రాక్టీస్ డాక్టర్ల సంస్థ రాయల్ కాలేజ్ ఆఫ్ జీపీస్ వాళ్లూ కలిసి ఒక పథకం మొదలుపెట్టారు. ఒక సర్జరీ తన దగ్గర్లోని పార్క్‌రన్‌తో జత కడుతుంది, పేషెంట్లని అక్కడికి పంపుతుంది, సిబ్బందిని కూడా వెళ్లమంటుంది. అలా జత కట్టిన సర్జరీని పార్క్‌రన్ ప్రాక్టీస్ అంటారు. ఆ పథకం వెనక ఉండి నడిపించిన మనిషి క్రిస్సీ వెల్లింగ్‌టన్, అప్పట్లో పార్క్‌రన్‌లో ఆరోగ్య విభాగానికి హెడ్. నాకు ఆ పేరు తెలియదు. భోజనాల దగ్గర చెప్తే మా అమ్మాయి చెంచా పక్కన పెట్టేసింది. "అమ్మా, ఆవిడ ఎవరనుకున్నావ్? ఐరన్‌మ్యాన్ దూరంలో 13 రేసులు చేసింది, 13 గెలిచింది. ఒక్కటి కూడా ఓడిపోలేదు."

ఐరన్‌మ్యాన్ అంటే తెలియనివాళ్లకి చెప్తాను. 3.8 కిలోమీటర్లు ఈత, అది అవగానే 180 కిలోమీటర్లు సైకిల్, అది దిగగానే పూర్తి మారథాన్, అంటే 42 కిలోమీటర్ల పరుగు. అన్నీ ఒకే రోజు, మధ్యలో విరామం ఉండదు, బట్టలు మార్చుకున్నా గడియారం తిరుగుతూనే ఉంటుంది. ఏటా ప్రపంచ చాంపియన్‌షిప్ ఎక్కువగా హవాయిలో కోనా అనే ఊళ్లో జరుగుతూ వచ్చింది. నల్లటి లావా రాళ్ల మధ్య రోడ్డు, నెత్తిన ఎండ, పక్కనుంచి తోసేసే గాలి. నేను పార్క్‌కి వెళ్లాలా వద్దా అని పది రోజులు నానుస్తూ, ఆ పది రోజులూ రాత్రిళ్లు ఈవిడ గురించే చదివాను. కాబట్టి ఈ రివ్యూలో సగం ఆవిడ గురించే ఉంటుంది, ఓపిక పట్టండి, నన్ను మంచం మీంచి లేపింది ఆవిడే.

నాకు అన్నిటికన్నా తగిలిన విషయం ఆవిడ వయసు. క్రిస్సీ 1977లో పుట్టింది, నార్ఫోక్‌లోని ఫెల్ట్‌వెల్ అనే చిన్న ఊళ్లో పెరిగింది. బడిలో ఈతకొట్టేది, ఆటలాడేది, అంతేగాని చిన్నప్పటి నుంచి కోచ్‌లు వెంటపడి తయారుచేసిన పిల్ల కాదు. బర్మింగ్‌హామ్‌లో జాగ్రఫీ చదివింది, మాంచెస్టర్‌లో డెవలప్‌మెంట్ స్టడీస్‌లో మాస్టర్స్ చేసింది, తర్వాత పర్యావరణ శాఖలో ప్రభుత్వ ఉద్యోగం. 2002లో జోహన్నెస్‌బర్గ్‌లో ఐక్యరాజ్య సమితి పెద్ద సదస్సు జరిగితే బ్రిటన్ తరఫున ఆ పనిలో ఉంది. అంటే మనలాగే ఫైళ్లు, మీటింగులు, లంచ్ బాక్సులు. ఆ తర్వాత ఉద్యోగానికి సెలవు పెట్టి నేపాల్ వెళ్లి నీళ్లూ పారిశుధ్యం పనుల్లో చేరింది. అక్కడ పొద్దున్నే సైకిలెక్కి కొండలు ఎక్కడం అలవాటైంది, స్నేహితులతో కలిసి లాసా నుంచి ఖాట్మండు దాకా హిమాలయాల మీదుగా తొక్కుకుంటూ వచ్చింది. శిక్షణ అని పేరు పెట్టకుండానే ఎంత పెద్ద శిక్షణ జరిగిపోయిందో చూడండి. ఆ ఎత్తులో ఊపిరి ఎలా ఆడుతుందో మా ఆయన ట్రెక్కింగ్‌కి వెళ్లొచ్చి చెప్పిన దాన్ని బట్టి కొంచెం ఊహించగలను.

2006లో లోజాన్‌లో వయసు విభాగాల వారీగా జరిగిన ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) ప్రపంచ పోటీల్లో 25-29 ఏళ్ల విభాగంలో గెలిచింది. అప్పటికింకా అమెచ్యూరే. 2007 ఫిబ్రవరిలో, 30 ఏళ్లు నిండే సమయానికి, మంచి ప్రభుత్వ ఉద్యోగం వదిలేసి ప్రొఫెషనల్ అయింది. ఆ వయసుకి మన ఇళ్లలో ఆడపిల్లకి ఏమేం చెప్తారో నేను రాయక్కర్లేదు. బ్రెట్ సటన్ అనే కోచ్ దగ్గర చేరింది, చాలా కఠినమైన మనిషని పేరు. ఆగస్టులో కొరియాలో మొదటి ఐరన్‌మ్యాన్ చేసి గెలిచి, దాంతో కోనాకి అర్హత తెచ్చుకుంది. అక్టోబర్ 13న కోనాలో గెలిచింది. 9 గంటల 8 నిమిషాల 45 సెకండ్లు. ప్రొఫెషనల్ అయి ఏడాది కూడా నిండలేదు, ఆ రేస్‌లో అదే మొదటిసారి, సైకిల్ మీద అందరినీ దాటి ముందుకొచ్చినప్పుడు ఈ అమ్మాయి ఎవరని కామెంట్రీ చెప్పేవాళ్లకే అర్థం కాలేదట.

2008 సంగతి నేను మా వాట్సాప్ గ్రూప్‌లో కనీసం మూడుసార్లు చెప్పి ఉంటాను. కోనాలో సైకిల్ మీద ముందు ఉండగా టైర్ పంక్చర్ అయింది. ట్యూబ్‌లో గాలి నింపడానికి చిన్న కార్బన్ డయాక్సైడ్ గొట్టాలు ఉంటాయి, హడావిడిలో తన దగ్గరున్న గ్యాస్ వృథా అయిపోయింది. రోడ్డు పక్కన నిలబడిపోయింది, వెనకాల ఉన్నవాళ్లు ఒక్కొక్కరే దాటిపోతున్నారు. అప్పుడు రెబెకా కీట్ అనే ఆస్ట్రేలియా అమ్మాయి, తనూ పోటీలో ఉన్న మనిషే, వెళ్తూ వెళ్తూ తన గొట్టం ఒకటి విసిరి ఇచ్చింది. క్రిస్సీ గాలి కొట్టుకుని, మళ్లీ ఎక్కి, పోగొట్టుకున్నదంతా రాబట్టుకుని దాదాపు పావుగంట తేడాతో గెలిచింది. గెలిచినావిడని అందరూ గుర్తుపెట్టుకుంటారు సరే, నాకు మాత్రం ఆ రెబెకా కీట్ అంటే కూడా చాలా గౌరవం. ఆ గొట్టం ఇవ్వకపోయినా ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు.

2009లో 8 గంటల 54 నిమిషాల 2 సెకండ్లలో ముగించి, పౌలా న్యూబీ ఫ్రేజర్ పేరు మీద 1992 నుంచి చెక్కుచెదరకుండా ఉన్న కోనా రికార్డును తుడిచేసింది. 2010లో రేస్ రోజు పొద్దున ఒంట్లో బాగాలేక మొదలే పెట్టలేదు. ఓడిపోతాననే భయంతో తప్పుకుందని అన్నవాళ్లూ ఉన్నారు. మరుసటి నెలలోనే అరిజోనాలో 8 గంటల 36 నిమిషాల్లో గెలిచింది. జర్మనీలో రోత్ అనే ఊళ్లో ఇదే దూరానికి ఇంకో పెద్ద రేస్ ఉంటుంది, అక్కడ 2009 నుంచి 2011 దాకా వరసగా మూడేళ్లు గెలుస్తూ ప్రతి ఏడాదీ తన టైం తగ్గించుకుంటూ వెళ్లి, చివరిసారి 8 గంటల 18 నిమిషాల 13 సెకండ్ల దగ్గర ఆగింది. అందులో మారథాన్ ఒక్కటే 2 గంటల 44 నిమిషాలు, అదీ 180 కిలోమీటర్లు తొక్కిన కాళ్లతో. ఆ దూరానికి ఆడవాళ్లలో ఇంకెవరూ అంత వేగంగా వెళ్లడానికి 12 ఏళ్లు పట్టింది, 2023లో అదే రోత్‌లో స్విట్జర్లాండ్ అమ్మాయి డానియెలా రీఫ్ దాటింది. సైకిళ్లు మారిపోయాయి, బూట్లు మారిపోయాయి, తాగే డ్రింకులు మారిపోయాయి, అయినా 12 ఏళ్లు.

ఇక 2011 కోనా. రేస్‌కి రెండు వారాల ముందు ట్రైనింగ్‌లో సైకిల్ మీంచి పడింది. ఒళ్లంతా చర్మం గీరుకుపోయి, గాయం ఇన్ఫెక్షన్ అయి, ఆ ఒంటితోనే ఉప్పు నీళ్లలోకి దిగింది. ఈతలో గంటకు పైగా పట్టింది, తన లెక్కన అది చాలా ఆలస్యం. సైకిల్ దిగేసరికి ముందున్న జూలీ డిబెన్స్, ఆమెదీ బ్రిటనే, చాలా దూరంలో ఉంది. వెనక నుంచి అంతకుముందు ఏడాది చాంపియన్ మిరిండా కార్‌ఫ్రే, ట్రయాథ్లాన్‌లో పరుగు అంటే ఆవిడే అని పేరున్న మనిషి, తరుముకొస్తోంది. క్రిస్సీ ఒక్కొక్కరినే దాటుకుంటూ 2 గంటల 52 నిమిషాల మారథాన్ పరిగెత్తి, మూడు నిమిషాల లోపు తేడాతో నాలుగో టైటిల్ పట్టింది. ఇంతవరకు తను చేసినవాటిలో తనకి పూర్తిగా సంతోషం ఇచ్చిన రేస్ ఏదంటే ఇదేనని తర్వాత చెప్పుకుంది. ఎందుకో నాకు అర్థమైంది. మిగతావన్నీ బాగున్న రోజున గెలిచినవి, ఇది అస్సలు బాగాలేని రోజున గెలిచింది. 2012లో పోటీల్లోకి దిగలేదు, ఆ డిసెంబర్‌లో ప్రొఫెషనల్ కెరీర్‌కి సెలవు చెప్పేసింది. మొత్తం లెక్కేస్తే ఆరేళ్లు కూడా లేదు.

ఇక్కడిదాకా చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది, అభిమానం వేసింది, కానీ ఇంత గొప్పావిడకీ, మెట్లెక్కితే ఆయాసపడే నాకూ ఏమిటి సంబంధం అనే అనిపించింది. రెండు విషయాలు నన్ను మార్చాయి. ఒకటి, చిన్న వయసులో తిండి విషయంలో తను పడిన బాధని, ఒంటి మీద తనకున్న అసంతృప్తిని ఆవిడ దాచుకోకుండా బయటికి చెప్పింది. రెండోది, కోనాలో గెలిచాక ఆవిడ చేసే పని. అక్కడ రేస్‌కి 17 గంటలు గడువు, పొద్దున మొదలైతే చివరివాళ్లు వచ్చేసరికి దాదాపు అర్ధరాత్రి. క్రిస్సీ మధ్యాహ్నం గెలిచేసి హోటల్‌కి పోయి పడుకోకుండా, రాత్రి మళ్లీ ఫినిష్ లైన్ దగ్గరికి వచ్చి ఆఖరున వచ్చేవాళ్లకి మెడల్స్ వేసేది. ఇంకోటి కూడా, గెలిచిన లైన్ మీద ఆవిడ నేల మీద దొర్లేది. జాన్ బ్లేస్ అనే అమెరికా ఆయన ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు ఉండి కూడా 2005లో కోనా పూర్తిచేసి లైన్ మీద దొర్లి దాటాడు, 2007లో చనిపోయాడు. ఆయన జ్ఞాపకంగా ఈవిడా అలాగే. పిచ్చిపనిలా కనిపిస్తుంది ఫొటోల్లో, కారణం తెలిస్తే కళ్లు చెమరుస్తాయి.

సరే, పార్క్‌రన్‌కి వద్దాం.

ఇది 2004 అక్టోబర్ 2న లండన్ దగ్గర బుషీ పార్క్‌లో 13 మందితో మొదలైంది. పాల్ సింటన్ హెవిట్ అనే ఆయనకి దెబ్బ తగిలి పరిగెత్తలేని పరిస్థితి, స్నేహితులనైనా కలుద్దామని టైం చూసే పని పెట్టుకున్నాడు. అక్కడి నుంచి ఇప్పుడు దేశమంతా, చాలా దేశాల్లో కూడా. ఇంగ్లండ్‌లో పొద్దున 9 గంటలకి, స్కాట్లండ్‌లో 9:30కి. శని ఉదయం నిద్ర పోతుందని బాధపడేవాళ్లకి నా సానుభూతి, నేనూ ఆ బ్యాచే, కానీ పదిన్నరకల్లా స్నానం కూడా అయిపోయి రోజంతా చేతిలో ఉంటుంది.

రిజిస్ట్రేషన్ ఐదు నిమిషాల పని. వెబ్‌సైట్‌లో పేరు, ఈమెయిల్ ఇస్తే ఒక బార్‌కోడ్ వస్తుంది. జీవితానికి ఒక్కసారే, ఆ ఒక్కటే అన్ని ఊళ్లలో, అన్ని దేశాల్లో పనిచేస్తుంది. దీన్ని మర్చిపోతే టైం రాదు, అది వాళ్ల నియమం, ఎంత బతిమాలినా అంతే. ఫోన్‌లో చూపించొచ్చు, కానీ చలికాలంలో తడి వేళ్లతో ఫోన్ తెరుచుకోక ఇబ్బంది పడతారు, కాగితం మీద ప్రింట్ తీసి ఫోన్ కవర్ వెనక పెట్టుకోండి. మా అమ్మాయి నా మొదటి శనివారానికి ముందు రాత్రి ప్రింట్ తీసి టేప్ వేసి, "అమ్మా, ఇది నీ హాల్ టికెట్, పోగొట్టకు" అని చేతిలో పెట్టింది. నిజంగా పరీక్షకి వెళ్లే టెన్షనే ఆ రోజు.

మొదటిసారి వచ్చినవాళ్లని ముందే పక్కకి పిలిచి దారి ఎలా ఉంటుందో, ఎన్ని రౌండ్లో చెప్తారు. తర్వాత అందరికీ రన్ డైరెక్టర్ రెండు మాటలు చెప్తారు, ఎవరిదైనా 50వది, 100వది ఉంటే పేరు చదివి చప్పట్లు కొట్టిస్తారు. నేను వదులు టీషర్ట్, మామూలు ట్రాక్ ప్యాంట్ వేసుకుని అందరికన్నా వెనక చెట్టు కింద నిలబడ్డాను. ఎవరూ నన్ను చూడలేదు. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, మన ఆడవాళ్లలో చాలామందిని ఆపేది మోకాళ్ల నొప్పులకన్నా ఎక్కువగా ఎవరేమనుకుంటారో అనే సిగ్గు. ఆ గుంపులో బండిలో పసిపాపని తోసుకుంటూ పరిగెత్తే తండ్రి ఉన్నాడు, కుక్కతో వచ్చిన పెద్దావిడ ఉంది, కట్టు కట్టుకున్న మోకాలితో నడిచేవాళ్లు ఉన్నారు, 17 నిమిషాల్లో ముగించేసి మళ్లీ వెనక్కి వచ్చి మనకి చప్పట్లు కొట్టే కుర్రాళ్లు ఉన్నారు.

ఇంక ఈ సేవ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు టెయిల్ వాకర్. ప్రతి పార్క్‌రన్‌లో ఒక వాలంటీర్ అందరికన్నా చివర నడుస్తారు, కావాలని. వాళ్ల పనే ఆఖరున రావడం. కాబట్టి మీరు ఎంత మెల్లగా నడిచినా మీరు ఆఖరివాళ్లు కారు, మీ తర్వాత ఇంకొకరు ఉంటారు. నా మొదటి రోజు నాకు 58 నిమిషాలు పట్టింది. టెయిల్ వాకర్‌గా ఉన్న ఒక రిటైర్డ్ టీచర్ నాతో పాటు నడుస్తూ, కాయగూరల తోట సంగతి, తన మనవల సంగతి చెప్తూనే ఉన్నారు, ఎక్కడా తొందరపెట్టలేదు. ఫినిష్ దగ్గరికి వచ్చేసరికి సగం మంది వెళ్లిపోయి ఉంటారనుకున్నా, ఓ ఇరవై మంది నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అర్ధరాత్రి కోనాలో నిలబడి చివరివాళ్ల మెడలో మెడల్ వేసిన మనిషి తర్వాత ఇలాంటి చోట పనిచేయడానికి ఎందుకు వచ్చిందో ఆ ఇరవై మందిని చూసిన క్షణంలో నాకు తెలిసిపోయింది.

లైన్ దాటగానే చేతిలో చిన్న ప్లాస్టిక్ ముక్క పెడతారు, దాని మీద మీ స్థానం నంబర్ ఉంటుంది. దాన్నీ మీ బార్‌కోడ్‌నీ స్కాన్ చేయించుకుని ఆ ముక్క తిరిగి ఇచ్చేయాలి, జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోకండి, పాపం వాళ్లు వెతుక్కుంటారు. కాసేపట్లో ఈమెయిల్ వస్తుంది, టైం, స్థానం, ఏజ్ గ్రేడ్ అని ఒక శాతం. ఈ ఏజ్ గ్రేడ్ మీ వయసుకీ, ఆడా మగా తేడాకీ తగ్గట్టు లెక్కేసేది. 70 ఏళ్ల ఆయనా 25 ఏళ్ల కుర్రాడూ దాని మీద ఒకరితో ఒకరు పోల్చుకోవచ్చు, నాకైతే బాగా నచ్చింది.

టైం గురించి ఒక గొడవ ఉంది, చెప్పి తీరాలి. 2024 ఫిబ్రవరిలో పార్క్‌రన్ తమ వెబ్‌సైట్ నుంచి కోర్సు (పరిగెత్తే దారి) రికార్డులు, వేగవంతమైన టైంల జాబితాలు తీసేసింది, అవి చూసి కొత్తవాళ్లు భయపడతారని. మీ సొంత టైం, ఆ వారం ఫలితాలు మాత్రం ఉన్నాయి. చాలామందికి కోపం వచ్చింది. నేను ఏ పక్షం అంటే, రెండు వారాలకోసారి మారుతూ ఉన్నాను. నాలాంటి వాళ్లకి ఆ జాబితాలు లేకపోవడమే హాయి. అలాగని వేగంగా పరిగెత్తే ఆడపిల్లలకి తమ ఊరి పార్క్‌లో తమ పేరు పైన కనిపించడం చిన్న విషయమా? క్రిస్సీ టైం 8:18:13 అని ఎక్కడో రాసి ఉంది కాబట్టే కదా 12 ఏళ్లు అందరూ దాని వెంట పడ్డారు. కోనాలో 2023లో ఇంకో బ్రిటన్ అమ్మాయి లూసీ చార్ల్స్ బార్‌క్లే, అంతకుముందు నాలుగుసార్లు రెండో స్థానంలో ఆగిపోయిన అమ్మాయి, 8 గంటల 24 నిమిషాల కోర్సు రికార్డుతో గెలిచింది. రాసి పెట్టిన అంకెకి ఆ బలం ఉంది. రికార్డులు ఒక మూలన ఉంచి, అడిగినవాళ్లకే కనిపించేలా చేసి ఉంటే బాగుండేదని నా ఉద్దేశం.

మిగతా లోటుపాట్లు. మా పార్క్‌లో టాయిలెట్ తెరిచేది తొమ్మిదిన్నరకి, అంటే మొదలైన అరగంటకి. ఇంటి దగ్గరే చూసుకుని వెళ్లండి. నవంబర్ నుంచి మార్చి దాకా మాకు ఒక మలుపు మొత్తం బురద, మామూలు రన్నింగ్ బూట్లు జారతాయి, నేను ఒకసారి మోకాళ్ల మీద పడ్డాను, వాలంటీర్లే లేపి కూర్చోబెట్టి ఫస్ట్ ఎయిడ్ చేశారు. మంచు గడ్డకడితే రద్దు చేస్తారు, కొన్నిసార్లు పొద్దున ఎనిమిదింటికి తెలుస్తుంది, కాబట్టి బయలుదేరే ముందు ఫోన్‌లో చూసుకోండి. పెద్ద పట్టణాల్లో వందలమంది వస్తారు, మొదట్లో తోపులాటలా ఉంటుంది, భయంగా ఉంటే వెనక నిలబడండి. 11 ఏళ్లలోపు పిల్లలైతే పెద్దవాళ్ల చెయ్యి అందేంత దగ్గర్లోనే ఉండాలి, ముందు పరిగెత్తనివ్వరు. పిల్లల కోసం ఆదివారం వేరే ఉంది, 4 నుంచి 14 ఏళ్ల వాళ్లకి 2 కిలోమీటర్లు, మా పక్కింటి తెలుగువాళ్ల బాబు అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాక వాళ్లింట్లో ఆదివారం పొద్దున కార్టూన్లు ఆగిపోయాయి.

ఇదంతా ఉచితం ఎలా అని మా ఆయన మొదట్నుంచీ అనుమానం, ఎక్కడో ఏదో అమ్ముతారు చూడు అని. అమ్మేది టీషర్ట్‌ల్లాంటివే. 25 అయితే ఊదా రంగు, 50కి ఎరుపు, 100కి నలుపు, 250కి ఆకుపచ్చ, కొనుక్కోవాలనుకున్నవాళ్లే కొనుక్కుంటారు. స్పాన్సర్లు, విరాళాలతో నడుస్తుంది, పార్క్‌లో పనంతా వాలంటీర్లదే. ఈ ఉచితం అనే మాట మీద వాళ్లు ఎంత గట్టిగా ఉంటారంటే, 2016లో బ్రిస్టల్ దగ్గర లిటిల్ స్టోక్‌లో స్థానిక కౌన్సిల్ పార్క్ వాడుకున్నందుకు డబ్బు అడిగితే, అక్కడ పార్క్‌రన్‌నే మూసేసుకున్నారు గానీ మనుషుల దగ్గర వసూలు చేయడానికి ఒప్పుకోలేదు. ఆ ఊరివాళ్లకి అన్యాయమే జరిగింది, కానీ ఒక్కచోట ఒక్క పౌండ్ తీసుకుని ఉంటే ఆ తర్వాత ఎన్ని చోట్ల అడిగేవాళ్లో.

మొన్న వేసవిలో మా అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చారు. అత్తయ్యగారికి 71. ఒక శనివారం నేను బూట్లు వేసుకుంటుంటే, "నేనూ వస్తానమ్మా, ఇంట్లో కూర్చుని ఏం చేస్తాను" అన్నారు. చీర, పైన స్వెట్టర్, మా అమ్మాయి స్పోర్ట్స్ షూస్. ఒక రౌండ్ నడిచి ఆపేద్దాం అనుకున్నాం. టెయిల్ వాకర్‌కి తెలుగు రాదు, అత్తయ్యగారికి ఇంగ్లిష్ రాదు, ఇద్దరూ చేతులూపుకుంటూ ఏదో మాట్లాడుకుంటూనే మొత్తం ఐదు కిలోమీటర్లూ పూర్తిచేశారు, గంటా పన్నెండు నిమిషాలు. ఈమెయిల్‌లో ఆవిడ పేరు, పక్కన ఆడవాళ్లలో 70-74 విభాగం అని చూపిస్తే స్క్రీన్‌షాట్ తీయించుకుని ఇంటికి పంపించారు. ఆ విభాగంలో ఆ రోజు మా అత్తయ్యగారు ఒక్కరే, అంటే ఫస్ట్.

క్రిస్సీ గురించి ఇంకొక్కటి రాయకపోతే వెలితిగా ఉంటుంది. పోటీలు మానేశాక ఆవిడ మరియానా వోస్, ఎమ్మా పూలీ, క్యాథరిన్ బెర్టిన్ అనే సైకిల్ రేసర్లతో కలిసి, టూర్ ద ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ రేస్‌లో ఆడవాళ్లకి కూడా రేస్ పెట్టాలని 2013లో ఉద్యమం నడిపింది. 2014లో పారిస్‌లో ఆడవాళ్ల రేస్ జరిగింది, వోస్ గెలిచింది. తను సైకిల్ తొక్కే దారి వేరు, ఆ రేస్‌లో తను ఉండదు, అయినా సంతకాల కోసం తిరిగింది. ఆవిడకి బ్రిటన్ ప్రభుత్వం 2010లో ఎంబీఈ, 2016లో ఓబీఈ అనే గౌరవ పురస్కారాలు ఇచ్చింది. మా సర్జరీలో ఆ పోస్టర్ దగ్గర ఆవిడ పేరు ఎక్కడా లేదు, నేనే నర్స్‌కి చెప్పాను, ఆవిడకీ తెలియదట.

నా షుగర్ సంగతి అడుగుతారు కదా. ఏడాది తర్వాత పరీక్షలో 41. అన్నం తగ్గించాను, రాత్రి భోజనం ఏడింటికి మార్చాను, కాబట్టి ఇందులో పార్క్‌రన్ వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను. టైం మాత్రం 58 నుంచి 43 నిమిషాలకి వచ్చింది, మధ్యమధ్యలో పరిగెడుతున్నాను. వచ్చే శనివారం నాది లేదు, మొదటిసారి టెయిల్ వాకర్‌గా పేరు ఇచ్చాను. వాన పడుతుందంటున్నారు, గొడుగు తీసుకెళ్లొచ్చో లేదో రన్ డైరెక్టర్‌కి మెసేజ్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.